పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఇసుకలో పెంగ్విన్ గూడు

గత సంచికలో మేము ఒక ఛాయాచిత్రం ప్రచురించాం. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ నగరానికి దగ్గరగా ఉన్న సైమన్స్‌టౌన్ అనే ఊళ్లో, బౌల్డర్స్ సముద్రతీరాన, ఒక పొద నీడలో ఇసుక తవ్వుకుని గుడ్ల మీద కూర్చున్న పెంగ్విన్ బొమ్మ అది. ఈ మధ్యకాలంలో ఇన్ని ఉత్తరాలు తెచ్చిన బొమ్మ మరొకటి లేదు. ఎక్కడో తారుమారైందేమో చూసుకోండని కొందరు ఆప్యాయంగా హెచ్చరించారు. బొమ్మ నిజమే అయితే సంగతేమిటో వివరంగా చెప్పమని మరికొందరు అడిగారు. అందుకని ఈసారి శీర్షికను పూర్తిగా పెంగ్విన్లకే కేటాయిస్తున్నాం. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా ఇచ్చాం.

ప్రశ్న: పెంగ్విన్ అంటే మంచు ఖండంలో ఉండే పక్షి అని ముప్పై ఏళ్లుగా పిల్లలకు చెబుతున్నాను. మీ బొమ్మలో మంచు జాడ లేదు సరికదా, ఎండ కాస్తోంది. నేను చెప్పింది తప్పా? ఎండలో ఆ పక్షి ఎలా బతుకుతుంది?
– ఒక ఉపాధ్యాయిని, తార్నాక

జవాబు: మీరు చెప్పింది తప్పు కాదు గాని, అది సగం మాట. ఇప్పుడు జీవించి ఉన్న పెంగ్విన్లను శాస్త్రజ్ఞులు సాధారణంగా 18 జాతులుగా లెక్కిస్తారు. వాటిలో అంటార్కిటికా ఖండం చుట్టూ తీరమంతటా పిల్లలను పెంచుకునేవి ఎంపరర్, అడేలీ అనే రెండు జాతులు మాత్రమే. మన దేశపు పరిశోధన కేంద్రం ‘భారతి’ ఉన్న ప్రిడ్జ్ బే తీరంలో కనిపించేవి కూడా ఈ రెండే. మరో మూడు జాతులు ఆ ఖండం నుంచి దక్షిణ అమెరికా వైపు తోకలా సాగిన ద్వీపకల్పం దాకా వెళ్తాయి. మిగిలినవన్నీ మంచు ఖండానికి ఆవలే ఉన్నాయి. న్యూజిలాండ్‌లో వర్షారణ్యపు చెట్ల వేళ్ల మధ్య గూడు పెట్టే జాతి ఉంది, ఆస్ట్రేలియా ఇసుక తీరాల్లో చీకటి పడ్డాక గట్టెక్కే మూరెడు పొడవైనా లేని జాతి ఉంది. అర్జెంటీనా, చిలీ, పెరూ, నమీబియా, దక్షిణాఫ్రికా తీరాల్లో ఉన్నవి వేరు. గాలాపగోస్ దీవుల్లోని జాతి అయితే ఏకంగా భూమధ్యరేఖ మీదే కాపురముంటోంది.

మన హైదరాబాద్ భూమధ్యరేఖకు 17 డిగ్రీల ఉత్తరాన ఉంది. పెరూ రాజధాని లిమా ఆ రేఖకు 12 డిగ్రీల దక్షిణాన మాత్రమే ఉంది, ఆ తీరపు సముద్రంలో హంబోల్ట్ పెంగ్విన్లు చేపలు పడుతుంటాయి. అంటే భూగోళం మీద మనకన్నా భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్నచోట పెంగ్విన్ హాయిగా ఈదుతోందన్నమాట. దీనికి కారణం నేల మీద వెతికితే దొరకదు, సముద్రంలో వెతకాలి. ఆ తీరం వెంట వీచే గాలులు పైనున్న నీటిని తీరానికి దూరంగా నెట్టేస్తాయి. ఆ చోటును నింపడానికి అడుగు నుంచి చల్లని నీరు పైకి ఉబికి వస్తుంది, అడుగున పేరుకున్న పోషకాలను తనతోపాటు తెస్తుంది. వాటితో కంటికి కనిపించని మొక్కలు పెరుగుతాయి, వాటిని తిని చిన్న జీవులు, ఆ జీవులను తిని మన కవళ్లు, నెత్తళ్ల వంటి చేపలు గుంపులు గుంపులుగా పెరుగుతాయి. పెరూ తీరంలో హంబోల్ట్ ప్రవాహం, దక్షిణాఫ్రికా పడమటి తీరంలో బెంగ్వేలా ప్రవాహం, గాలాపగోస్ దగ్గర లోతున పడమటి నుంచి వచ్చి దీవులకు తగిలి పైకి లేచే క్రామ్‌వెల్ ప్రవాహం చేసే పని ఇదే. పిల్లలకు చెప్పేటప్పుడు “పెంగ్విన్ మంచులో ఉండే పక్షి” అనే బదులు “చేపలు దండిగా ఉన్న చల్లని సముద్రాన్ని నమ్ముకున్న పక్షి” అంటే 18 జాతులకూ సరిపోతుందని నా అభిప్రాయం.

అయితే ఇక్కడే ఆ పక్షికి ఒక చిక్కు వచ్చి పడింది. చల్లని నీళ్లలో గంటల తరబడి తిరగాలంటే ఒంటికి దట్టమైన ఈకల దుప్పటి ఉండాలి. గుడ్లు పొదగాలంటే ఎండకాసే నేల మీదికి రావాలి, వచ్చేటప్పుడు ఆ దుప్పటిని నీటి ఒడ్డున విప్పి పెట్టి రాలేదు. మే నెల మధ్యాహ్నం రజాయి కప్పుకుని డాబా మీద కూర్చోవలసి వస్తే మనకెలా ఉంటుందో, గూటి మీద కూర్చున్న ఆఫ్రికన్ పెంగ్విన్‌కు రోజూ అలా ఉంటుంది. దాన్ని దగ్గరగా చూసినవారు మొదట గమనించేది కంటిపైన ఉండే గులాబీ రంగు చర్మపు ముక్కను. అక్కడ ఈకలుండవు. ఒంట్లో వేడి పెరిగేకొద్దీ రక్తం ఆ భాగానికి ఎక్కువగా చేరుతుంది, గాలి తగిలి చల్లబడి వెనక్కి వెళ్తుంది. అందుకే ఎండ ముదిరేకొద్దీ ఆ గులాబీ రంగు కూడా ముదురుతుంది. అప్పటికీ చాలకపోతే రెక్కలు రెండూ ఒంటికి దూరంగా చాపి లోపలి వైపు గాలి తగలనిస్తుంది, నోరు తెరిచి కుక్కలా రొప్పుతుంది. గాలాపగోస్ పెంగ్విన్ ముందుకు వంగి, తన పాదాల మీద తన రెక్కల నీడే పడేలా నిలబడుతుంది. ఆ దీవుల నల్లని లావా బండలు మధ్యాహ్నానికి ఎంత కాలిపోతాయో ఊహించగలిగితే ఆ నిలబడే తీరు అర్థమవుతుంది.

అన్నిటికన్నా మంచి ఉపాయం గూడు. ఆఫ్రికన్ పెంగ్విన్లు తరతరాలుగా దీవుల మీద పేరుకుపోయిన పక్షి రెట్టలో బొరియలు తవ్వుకుని, ఆ చల్లదనంలో గుడ్లు పెట్టేవి. 19వ శతాబ్దంలో ఆ రెట్ట మంచి ఎరువని తెలిసిన తర్వాత దాన్ని ఓడలకెత్తి యూరప్‌కు తరలించుకుపోయారు. అడుగున బండరాయి తేలేదాకా గీకిన దీవులు కూడా ఉన్నాయి. అప్పటి నుంచి చాలా పక్షులు ఆరుబయట, లేదా మా బొమ్మలోలా ఏ పొద నీడనో గుడ్లు పెడుతున్నాయి. ఎండ మరీ ఎక్కువైన రోజున తల్లిదండ్రులు గూడు వదిలి నీళ్లలోకి వెళ్లిపోక తప్పదు, ఆ కాసేపట్లో గుడ్లు ఎండకు పాడైపోతాయి, లేదా సముద్రపు కాకులు ఎత్తుకుపోతాయి. ఇప్పుడు అక్కడి సంరక్షకులు చేత్తో చేసిన గూళ్లను తీరంలో అమరుస్తున్నారు. మీరు పిల్లలకు ఆ బొమ్మ చూపించేటప్పుడు, ఆ పక్షి ఇసుకలో కూర్చోవడం దానికి పుట్టుకతో వచ్చిన అలవాటు కాదని, పోయిన ఇంటికి బదులుగా దొరికిన చోటు అదని కూడా చెప్పండి.

ప్రశ్న: మంచు మీద చెప్పుల్లేకుండా అయిదు నిమిషాలు నిలబడితేనే మన కాళ్లు మొద్దుబారతాయి. ఎంపరర్ పెంగ్విన్ పాదాలు నెలల తరబడి మంచు మీద ఉన్నా ఎందుకు గడ్డకట్టవు?
– ఇంటర్మీడియట్ విద్యార్థి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: పాదాలను వెచ్చగా ఉంచుకోవడానికి అది ప్రయత్నించదు, అదే దాని తెలివి. వెచ్చని పాదం మంచు మీద ఆనిస్తే ఒంట్లోని వేడంతా దాని గుండా నేలలోకి కారిపోతుంది. అందుకని గడ్డకట్టే స్థితికి ఒకటి రెండు డిగ్రీలు పైన మాత్రమే పాదాలను ఉంచుకుంటుంది. దీనికోసం కాలి పైభాగంలో ఒక ఏర్పాటు ఉంది. గుండె నుంచి పాదానికి వేడి రక్తం తీసుకెళ్లే నాళాలు, పాదం నుంచి చల్లని రక్తం వెనక్కి తెచ్చే నాళాలు ఒకదానికొకటి ఆనుకుని సాగుతాయి. దిగే రక్తం తన వేడిని ఎక్కే రక్తానికి దారిలోనే అప్పగిస్తుంది. పాదానికి చేరేసరికి అది చల్లబడి ఉంటుంది, గుండె వైపు తిరిగి వెళ్లేది వెచ్చబడి ఉంటుంది. వేడిని ఇంటి గడప దాటనివ్వకుండా లోపలే చేతులు మార్చుకున్నట్టన్నమాట. రెక్కల్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. చలి మరీ ఎక్కువైనప్పుడు ఎంపరర్ పాదాల ముందు భాగాన్ని పైకెత్తి, మడమలూ గట్టి తోకా కలిపి ముక్కాలి పీటలా నిలబడుతుంది.

ఒంటి సంగతికి వస్తే, పైకి కనిపించే పొట్టి గట్టి ఈకలు చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని గాలినీ నీటినీ లోపలికి రానివ్వవు. వాటికన్నా ఎక్కువ సంఖ్యలో అడుగున మెత్తని నూగు ఈకలు ఉండి, కదలని గాలిని చర్మానికి ఆనించి పట్టి ఉంచుతాయి. ఆ పక్షి రోజంతా ముక్కుతో ఈకలు సవరించుకుంటూ కనిపించేది అందుకే. తోక దగ్గరి గ్రంథి నుంచి నూనె తీసి ఒళ్లంతా రాసుకోకపోతే ఆ ఏర్పాటంతా చెడిపోతుంది. అంటార్కిటికాలో ఎంపరర్లను వేడిని పసిగట్టే కెమెరాలతో చిత్రించి 2013లో ప్రచురించిన ఒక పరిశోధనలో నన్ను ఎంతో ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. ఆ పక్షుల ఈకల పైభాగం చుట్టూ ఉన్న గాలి కన్నా 4 నుంచి 6 డిగ్రీలు ఎక్కువ చల్లగా ఉంది. నిర్మలమైన ఆకాశం కింద పైపొర తన వేడిని ఆకాశానికి వదిలేస్తూ ఉంటుంది, లోపలి నుంచి వేడి వచ్చి దాన్ని భర్తీ చేయడం లేదు. వేడివేడి టీ నింపిన ఫ్లాస్కును బయట తాకితే చల్లగా తగిలినప్పుడు ఫ్లాస్కు బాగా పనిచేస్తోందని మనం గ్రహించినట్టే, ఇక్కడా గ్రహించాలి. గాలి కన్నా వెచ్చగా కనిపించిన భాగాల్లో ముఖ్యమైనది కన్ను.

ప్రశ్న: పెంగ్విన్లలో తండ్రే గుడ్డు పొదుగుతుందని విన్నాను. నిజమేనా? తల్లి ఎక్కడికి వెళ్తుంది?
– ఒక గృహిణి, మలక్‌పేట

జవాబు: చాలా జాతుల్లో తల్లీ తండ్రీ వంతులవారీగా పొదుగుతారు. ఒకరు గూటిలో ఉంటే మరొకరు సముద్రానికి వెళ్లి పొట్ట నింపుకుని వస్తారు. పూర్తిగా తండ్రే పొదిగేది ఎంపరర్ జాతిలో. ఇది ఎందుకు అలా అయ్యిందో తెలియాలంటే దాని పంచాంగం తెలియాలి. ఎంపరర్ పిల్ల పెరిగి పెద్దదై సముద్రంలోకి దిగడానికి నెలలు పడుతుంది. అది దిగే వేళకు అక్కడి వేసవి వచ్చి, మంచు కరిగి, ఆహారం దగ్గరలో దొరకాలి. అంత ముందుగా లెక్క చూసుకుంటే గుడ్డు మే, జూన్ నెలల్లో, అంటే అక్కడి చలికాలం మొదట్లోనే పెట్టాలి. గూడు కట్టడానికి పుల్ల లేదు, రాయి లేదు, కింద ఉన్నది గడ్డకట్టిన సముద్రం. అందుకని పాదాలే గూడు.

తల్లి సుమారు 450 గ్రాముల గుడ్డు ఒకటే పెడుతుంది. అప్పటికే చాలా రోజులుగా ఉపవాసం ఉండి, గుడ్డు కోసం ఒంట్లో ఉన్నదంతా ధారపోసి నీరసించి ఉంటుంది. గుడ్డును తన పాదాల మీద ఉంచుకుని తండ్రికి ఎదురుగా నిలుస్తుంది. రెండూ తలలు వంచి, గొంతు కలిపి పిలుచుకుంటాయి. తర్వాత తల్లి మెల్లగా వెనక్కి జరుగుతుంది, గుడ్డు మంచు మీదికి జారుతుంది, తండ్రి దాన్ని ముక్కుతో తన పాదాల మీదికి లాక్కుని పొట్ట కింది చర్మపు మడత కప్పుతుంది. ఆ మడత లోపల ఈకల్లేని చర్మం గుడ్డుకు నేరుగా తగులుతుంది, అక్కడ 30 డిగ్రీలకు పైగా వెచ్చదనం ఉంటుంది. బయట సున్నాకు 40 డిగ్రీలు దిగువన ఉండవచ్చు. ఆ మార్పిడిలో గుడ్డు దొర్లిపోయి మంచు మీద నిమిషాలు గడిస్తే లోపలి ప్రాణం పోతుంది. తొలిసారి జతకట్టిన పక్షులు ఇక్కడ తడబడుతుంటాయి.

గుడ్డు అప్పగించాక తల్లి గడ్డకట్టిన సముద్రం మీద పదుల కిలోమీటర్లు నడిచి, కొంత దూరం పొట్టమీద జారుకుంటూ నీరున్న చోటికి వెళ్తుంది. తండ్రి సుమారు 65 రోజులు గుడ్డుతో నిలబడే ఉంటుంది. గుడ్డుకు ముందు జతకట్టే రోజులతో కలిపి దాని ఉపవాసం దాదాపు నాలుగు నెలలు, ఒంటి బరువులో 40 శాతం దాకా కరిగిపోతుంది. ఒంటరిగా ఉంటే ఏ ఎంపరర్ కూడా ఆ చలికాలాన్ని ఇంత కొవ్వుతో దాటలేదు. అందుకే వందలు, వేలుగా ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలబడతాయి. ఆ గుంపు మధ్యలో వేడి 20 డిగ్రీలు దాటుతుంది, ఒక్కోసారి మన ఒంటి వేడికి చేరుతుంది. బోనాల రోజున సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి ఆలయం ముందు ఎప్పుడైనా నిలబడి ఉంటే మీకు తెలిసే ఉంటుంది, ముందెక్కడో ఒకరు అడుగు వేస్తే ఆ కదలిక వెనుకదాకా అలలా పాకుతుంది. ఎంపరర్ల గుంపులోనూ అలాగే అర నిమిషానికో నిమిషానికో ఒకసారి ప్రతి పక్షీ బెత్తెడు దూరం మాత్రమే జరుగుతుందని, ఆ చిన్న కదలికలతోనే గుంపు బిగుసుకుంటూ అంచున ఉన్నవి లోపలికి చేరుతుంటాయని 2011లో పరిశోధకులు చిత్రాల సాయంతో తేల్చారు. అడుగు పెద్దదైతే గుడ్డు జారిపోతుంది.

తల్లి తిరిగి వచ్చేలోగానే పిల్ల బయటికి వస్తే, నాలుగు నెలలుగా ఏమీ తినని ఆ తండ్రి తన అన్నవాహిక గోడల నుంచి ఊరే పాలవంటి ద్రవాన్ని కక్కి పిల్ల నోట్లో పోస్తుంది. దాంతో కొన్ని రోజులు గడుస్తాయి. తల్లి వచ్చి ఆ వేల పక్షుల్లో తన జోడును చూపుతో వెతకదు, గొంతుతో వెతుకుతుంది. ఎంపరర్ గొంతులో స్వరం పుట్టే చోటుకు రెండు భాగాలుండి, ఒకేసారి రెండు స్వరాలు పలుకుతాయి. ఆ రెండింటి కలయిక ప్రతి పక్షికీ వేరుగా ఉంటుంది.

ఈ గుడ్లను తెచ్చి పరిశీలించాలని 1911 జూలైలో విల్సన్, బవర్స్, చెర్రీ-గారార్డ్ అనే ముగ్గురు బ్రిటిష్ అన్వేషకులు చిమ్మచీకటి చలికాలంలో బళ్లు లాక్కుంటూ అంటార్కిటికాలోని కేప్ క్రోజియర్‌కు వెళ్లారు. దారిలో చలి సున్నాకు 60 డిగ్రీల దిగువకు పడిపోయింది. ప్రాణాలకు తెగించి అయిదు గుడ్లు తీసుకుంటే మూడు మిగిలాయి. ఆ ముగ్గురూ కొన్ని వారాలు భరించిన కాలాన్ని ఆ పక్షి ఏటా కడుపు కట్టుకుని నిలబడి దాటుతోంది.

ప్రశ్న: రెక్కలుండి కూడా పెంగ్విన్ ఎందుకు ఎగరదు?
– రామంతాపూర్ నుంచి ఇద్దరు అన్నదమ్ములు

జవాబు: ఎగరడానికి పనికొచ్చే రెక్క, నీటిని తోయడానికి పనికొచ్చే రెక్క ఒకటి కావు. ఎగిరే రెక్క వెడల్పుగా, తేలికగా ఉండాలి. నీటిలో పనిచేసేది పొట్టిగా, గట్టిగా, పడవ తెడ్డులా ఉండాలి. ముర్ అనే ఉత్తర సముద్రపు పక్షి ఒకే జత రెక్కలతో ఎగురుతుంది, ఈదుతుంది కూడా. ఎగిరేటప్పుడు దానికి ఖర్చయ్యే శక్తి విపరీతమని 2013లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. పెంగ్విన్ల పూర్వీకులు ఆరు కోట్ల ఏళ్ల కిందటే ఎగరడం వదులుకుని నీటిని ఎంచుకున్నాయి. ఆనాటి ఎముకలు న్యూజిలాండ్‌లో దొరికాయి. ఎగిరే పక్షుల ఎముకల్లో గాలి గదులుంటాయి, పెంగ్విన్ ఎముకలు నిండుగా బరువుగా ఉండి మునగడానికి సాయపడతాయి. ఫలితం చూడండి: ఎంపరర్ 564 మీటర్ల లోతుకు దిగినట్టు నమోదైంది. పదికి పైగా చార్మినార్లను ఒకదానిపై ఒకటి పేర్చినంత లోతది. ఒకే మునకలో 32 నిమిషాలు నీటి కింద ఉన్నట్టు కూడా నమోదైంది. అంతసేపు ఉండగలగడానికి కండరాల్లోనే ప్రాణవాయువును దాచుకునే మయోగ్లోబిన్ దండిగా ఉండడం, గుండె వేగం బాగా తగ్గిపోవడం కారణాలు.

ప్రశ్న: ఆకాశంలో విమానం వెళ్తుంటే తలెత్తి చూస్తూ పెంగ్విన్లు వెల్లకిలా పడిపోతాయని వాట్సాప్‌లో వచ్చింది. నిజమా?
– బోడుప్పల్

జవాబు: కాదు. ఫాక్‌లాండ్ దీవుల్లో పనిచేసిన పైలట్లు చెప్పుకున్న కథ అది. బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే వారు సౌత్ జార్జియా దీవిలో కింగ్ పెంగ్విన్ల మీదుగా హెలికాప్టర్లు నడిపించి చూశారు. ఒక్కటీ పడలేదు, కొన్ని మాత్రం కలవరపడి దూరంగా జరిగాయి.

ప్రశ్న: చుట్టూ ఉప్పునీరే కదా, తాగడానికి ఏం చేస్తాయి? నిద్ర ఎప్పుడు పోతాయి?
– ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి, మెట్టుగూడ

జవాబు: ఉప్పునీరే తాగుతాయి. కళ్ల పైన ఉండే గ్రంథులు రక్తంలోని అదనపు ఉప్పును వేరుచేసి చిక్కని ద్రవంగా ముక్కు మీదుగా బయటికి పంపిస్తాయి. పెంగ్విన్ తల విదిలిస్తూ కనిపిస్తే చాలాసార్లు ఆ చుక్కను దులుపుకుంటోందని అనుకోవచ్చు. మంచున్న చోట మంచు కూడా తింటాయి. ఇక నిద్ర గురించి 2023లో ఒక అపురూపమైన సంగతి తెలిసింది. చిన్‌స్ట్రాప్ అనే జాతి పక్షులు గూళ్ల మీద ఉన్నప్పుడు వాటి మెదడు తరంగాలను నమోదు చేస్తే, సగటున నాలుగు సెకన్ల చొప్పున రోజుకు 10,000 కన్నా ఎక్కువసార్లు కునుకు తీస్తున్నాయని తేలింది. అవన్నీ కలిపితే 11 గంటలు దాటుతుంది. గుడ్లెత్తుకుపోయే స్కువా పక్షులు, గూటి రాళ్ల కోసం తగవులాడే ఇరుగుపొరుగు ఉన్నచోట అంతకన్నా ఎక్కువసేపు కన్ను మూయడం కుదరదు. పసిబిడ్డను పక్కలో వేసుకుని పడుకున్న తల్లులకు ఈ నిద్ర కొత్తగా అనిపించదు.

ప్రశ్న: ముంబయి జూలో పెంగ్విన్లు ఉన్నాయి కదా, మరి మన నెహ్రూ జూ పార్కులో ఎందుకు ఉండకూడదు?
– బహదూర్‌పురా నుంచి పలువురు

జవాబు: ముంబయి బైకుల్లా జూకు 2016లో దక్షిణ కొరియా నుంచి ఎనిమిది హంబోల్ట్ పెంగ్విన్లను తెచ్చారు. కొద్ది నెలల్లోనే ఒకటి చనిపోయింది. 2018 ఆగస్టు 15న పుట్టిన తొలి పిల్ల కూడా వారం రోజుల్లో చనిపోయింది. తర్వాతి ఏళ్లలో పుట్టినవి బతికి, కుటుంబం పెరిగింది. అవి చలి ఖండపు పక్షులు కావు కనుక 16 నుంచి 18 డిగ్రీల చల్లదనం సరిపోతుంది. కానీ ఆ చల్లదనం ఏడాది పొడవునా రాత్రింబవళ్లు ఆగకుండా ఉండాలి, నీటిని నిరంతరం వడకట్టాలి, గాలిలో బూజు చేరకుండా చూడాలి. పెంగ్విన్ల ఊపిరితిత్తులకు బూజు వల్ల వచ్చే జబ్బు ప్రాణాంతకం.

నేను ఆ జూకు వెళ్లినప్పుడు గాజు పలక ముందు చాలాసేపు నిలబడ్డాను. బండ మీద తడబడుతూ నడిచిన పక్షి నీటిలోకి జారిన మరుక్షణం మరో ప్రాణిలా మారిపోయింది. రెక్కల ఒక్క ఊపుతో తొట్టి ఈ చివర నుంచి ఆ చివరకు చేరింది, పాదాలను తోకకు ఆనించి చుక్కానిలా తిప్పింది, ఈకల్లోంచి సన్నని బుడగల చార వెనకాల సాగింది. మళ్లీ గోడ, మళ్లీ మలుపు. సముద్రంలో రోజుకు పదుల కిలోమీటర్లు తిరిగే రెక్కలవి. పక్కన ఉన్న పిల్లల కళ్లలో వెలుగు చూశాను, దాని విలువ నాకు తెలుసు. అయినా మే నెలలో 40 డిగ్రీలు దాటే మన నగరంలో, కరెంటు మీద ఆధారపడి బతికే మరో గది కట్టడాన్ని నేను కోరుకోను. దక్కన్ నేలకు చెందిన జంతువులకు ఆ జూలో ఇంకా విశాలమైన చోటు ఇస్తే ఎక్కువ సంతోషిస్తాను.

ప్రశ్న: మంచు కరిగిపోతోందంటున్నారు. పెంగ్విన్లు ఈ మార్పుకు కూడా అలవాటు పడవా?
– డిగ్రీ విద్యార్థిని, కూకట్‌పల్లి

జవాబు: మీ ప్రశ్నలోని ‘అలవాటు’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. పైన చెప్పిన కాలి నాళాలు, రెండు స్వరాల గొంతు, కంటిపై గులాబీ చర్మం లక్షల ఏళ్లలో, తరం వెంట తరంగా ఏర్పడ్డాయి. ఎంపరర్ ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టే పక్షి. దశాబ్దాల్లో మారిపోయే సముద్రంతో అది అడుగు కలపలేదు.

ఎంపరర్ పిల్లకు నీరు చొరని ఈకలు వచ్చేది డిసెంబరు, జనవరి నెలల్లో. అప్పటిదాకా ఒంటి మీద ఉండేది నీటిలో తడిసి ముద్దయ్యే బూడిదరంగు నూగు. ఈలోగా కాళ్ల కింది మంచు పగిలితే పిల్లలు మునిగిపోతాయి, లేదా తడిసి చలికి చనిపోతాయి. 2016 నుంచి అంటార్కిటికాలోని హాలీ బేలో ఉన్న అతి పెద్ద ఎంపరర్ స్థావరాల్లో ఒకదానిలో వరుసగా అలాగే జరిగింది. 2022లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్ర ప్రాంతంలోని అయిదు స్థావరాల్లో నాలుగింటిలో మంచు ముందే విరిగిపోవడంతో ఆ ఏటి పిల్లలు దక్కలేదని ఉపగ్రహ చిత్రాలు చూపాయి. తెల్లని మంచు మీద గోధుమరంగు రెట్ట మరకలను బట్టి ఈ స్థావరాలను అంతరిక్షం నుంచి గుర్తుపడతారు. ఆ ఏడాది మరక మధ్యలోనే మాయమైంది.

వెచ్చని తీరాల్లోని వాటికి దెబ్బ మరో రూపంలో తగులుతోంది. 1982–83లో ఎల్‌నినో, అంటే పసిఫిక్ మహాసముద్రపు నీరు మామూలు కన్నా వేడెక్కే స్థితి, వచ్చిన సమయంలో గాలాపగోస్ దగ్గర చల్లని నీరు పైకి రావడం ఆగిపోయి, అక్కడి పెంగ్విన్లలో నాలుగింట మూడొంతులకు పైగా నశించాయి. ఆఫ్రికన్ పెంగ్విన్ జంటలు ఇప్పుడు 10,000 కన్నా తక్కువే మిగిలాయి. 2024లో దాన్ని అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. దానికి కావలసిన చేపలనే మనుషులూ పడుతున్నారు, చేపల గుంపులూ చోటు మారాయి. 2025 మార్చిలో దక్షిణాఫ్రికా హైకోర్టు ఆదేశంతో ఆరు ముఖ్య స్థావరాల చుట్టూ పదేళ్లపాటు ఆ చేపల వాణిజ్య వేటను ఆపారు.

మనిషి తలచుకుంటే ఏం చేయగలడో కూడా ఆ తీరమే చూపింది. 2000 జూన్‌లో ట్రెజర్ అనే ఓడ కేప్‌టౌన్ దగ్గర మునిగి చమురు ఒలికినప్పుడు, చమురు అంటిన దాదాపు 19,000 పక్షులను సేకరించి, వేల మంది స్వచ్ఛంద సేవకులు ఒక్కొక్కదాన్నీ చేతులతో కడిగారు. ఇంకా చమురు అంటని సుమారు 19,500 పక్షులను లారీల్లో తూర్పున దూరంగా పోర్ట్ ఎలిజబెత్‌కు తీసుకెళ్లి సముద్రంలో వదిలారు. అవి రెండు మూడు వారాలు ఈదుకుంటూ సొంత దీవులకు తిరిగి చేరేసరికి అక్కడి నీటిని శుభ్రం చేయగలిగారు.

ప్రశ్న: ముంబయి జూలో ఒక పెంగ్విన్ ఈకలు ఊడిపోయి, మూలన కదలకుండా నిలబడి ఉంది. మా పాప ఇప్పటికీ దాని గురించి అడుగుతోంది. దానికి జబ్బు చేసిందా?
– అంబర్‌పేట నుంచి ఒక తండ్రి

జవాబు: మీరు చెప్పిన తీరును బట్టి అది జబ్బు కాకపోవచ్చని పాపకు చెప్పండి. చాలా పక్షులు ఈకలను కొన్ని చొప్పున మార్చుకుంటాయి, పెంగ్విన్ ఏడాదికోసారి అన్నిటినీ ఒక్కసారిగా మారుస్తుంది. అడుగున కొత్త ఈక పెరుగుతూ పాతదాన్ని పైకి నెట్టేస్తుంది, అందువల్ల ఆ రోజుల్లో పక్షి చిరిగిన దూది పరుపులా కనిపిస్తుంది. పాత ఈకలు నీటిని ఆపలేవు, కొత్తవి ఇంకా కుదురుకోలేదు, కనుక సముద్రంలోకి దిగదు. దిగకపోతే తిండి లేదు. ఈ సంగతి తెలిసినట్టే ముందు వారాల్లో బాగా తిని లావెక్కుతుంది, ఆ తర్వాత రెండు మూడు వారాలు ఒడ్డున ఒకచోట నిలబడి, శక్తి వృథా కాకుండా కదలిక తగ్గించుకుంటుంది. జూలో చేప నోటికి అందించినా అప్పుడు చాలా పక్షులు అంతగా తినవు. మీరు చూసినది బహుశా ఆ రోజుల్లోని పక్షి. ఆ రోజులు గడిచేసరికి ఒంటి మీద నల్లగా నిగనిగలాడే కొత్త ఈకలుంటాయి, మెడ మీదా రెక్క చాటునా నాలుగైదు పాత ఈకలు వేలాడుతుంటాయి. వాటిని ముక్కుతో పీకి పారేసుకుని, అది నీటి వైపు నడుస్తుంది.